చరిత్ర ఒకరికి, కొండలు ఒకరికి: ఇద్దరూ కలిసి పాత దారిలో నడవడం ఎలా?

“మాకిద్దరికీ ప్రయాణాలంటే ప్రాణం” అనే జంటల్ని కాస్త గమనించండి. చాలాసార్లు ఆ ఒక్క మాట వెనక రెండు వేర్వేరు ప్రయాణాలు ఉంటాయి. ఒకరు కూలిన గోడ దగ్గర శాసనం చదువుతూ గంటసేపు కదలరు. రెండోవారు అప్పటికే లేసులు బిగించుకుని, ఎండ ముదరకముందే పైకి చేరాలని తొందరపడుతుంటారు. ఇంట్లో కూర్చుని ఫొటోలు చూసుకునేటప్పుడు ఈ తేడా తెలియదు. బయల్దేరాక రెండో రోజు మధ్యాహ్నానికి బయటపడుతుంది.

దీనికి అందరూ చేసే సర్దుబాటు ఒకటుంది. ఒక రోజు మ్యూజియం, మర్నాడు ట్రెక్కింగ్. పైకి న్యాయంగానే కనిపిస్తుంది గానీ, అలా పంచుకుంటే ఏ రోజైనా ఇద్దరిలో ఒకరు ఓర్చుకుంటూనే గడుపుతారు. నా సలహా వేరు. రోజుల్ని పంచుకునే బదులు, నడకే చరిత్ర అయ్యే దారిని ఎంచుకోండి. సైన్యాలు, యాత్రికులు, కబుర్లు మోసినవాళ్ళు వందల ఏళ్ళపాటు నడిచిన బాటలు ప్రపంచంలో చాలాచోట్ల ఇప్పటికీ నడిచే స్థితిలో ఉన్నాయి. అలాంటి ప్రయాణానికి ఇద్దరూ ఎలా తయారవ్వాలో వరసగా చెబుతాను.

ముందు విడివిడిగా రాసుకోండి

“ఎక్కడికి వెళ్దాం?” అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి. ఆ ప్రశ్నకు ఎవరో ఒకరు గట్టిగా ఒక పేరు చెప్తారు, రెండోవారు సరే అంటారు, అక్కడితో చర్చ ముగిసిపోతుంది. దానికి బదులు ఇద్దరూ వేర్వేరు కాగితాల మీద ఈ ప్రశ్నకు జవాబు రాయండి: సాయంత్రం బూట్లు విప్పేటప్పుడు, ఆ రోజు ఏం జరిగి ఉంటే నాకు తృప్తిగా ఉంటుంది? “బాగా అలసిపోవాలి”, “ఒక విషయం కొత్తగా అర్థం కావాలి”, “ఎత్తు నుంచి చూడాలి”, “జనం లేని చోట కూర్చోవాలి” లాంటివి వస్తాయి. ఏది అస్సలు పడదో కూడా రాయండి. లోయ అంచున నడవడమంటే భయమా, డేరాలో పడుకోవడం ఇష్టం లేదా, తెల్లవారుజామున లేవడం కుదరదా? సిగ్గుపడకుండా ఇప్పుడే చెప్పేయడం మంచిది. నాలుగు వేల మీటర్ల ఎత్తున చెబితే వినే ఓపిక ఎవరికీ ఉండదు.

కాగితాలు మార్చుకున్నాక, ఇద్దరి జాబితాల్లోనూ ఉన్నవాటిని వదిలేసి, ఒక్కరి జాబితాలోనే ఉన్నవాటి గురించి మాట్లాడుకోండి. గొడవలు పుట్టేది అక్కడే.

ఊరిని కాదు, దారిని ఎంచుకోండి

ఈ ఎంపికకు ఎక్కువ సమయం ఇవ్వండి. పాత దారి మంచిదా కాదా అని చూడటానికి నేను వాడే పరీక్ష ఒకటే: దాన్ని ఎవరు, ఎందుకు వేశారో కాళ్ళకు తెలుస్తుందా?

రోమ్ అంచున మొదలయ్యే అప్పియా దారినే తీసుకోండి. క్రీ.పూ. 312లో ఇటలీలోని సామ్నైట్లు అనే తెగతో రోమన్ల యుద్ధం జరుగుతున్న రోజుల్లో, సైన్యాన్ని వేగంగా దక్షిణానికి పంపడానికి మొదలుపెట్టిన రోడ్డు అది. అందుకే చాలా దూరం గీత గీసినట్టు తిన్నగా పోతుంది. పరిచిన నల్లరాళ్ళ మీద బండి చక్రాల గాడులు కొన్నిచోట్ల ఇప్పటికీ కనిపిస్తాయి. ఎక్కుడు పెద్దగా లేదు కాబట్టి, అలవాటు లేనివాళ్ళు పూటలో కొంత భాగం నడిచి రావచ్చు. మొదటి ప్రయత్నానికి ఇలాంటిదే సరిపోతుంది.

దీనికి పూర్తిగా ఎదురు స్వభావం ఉన్నది పెరూలోని ఇంకా బాట. స్పెయిన్ వాళ్ళు రాకముందు ఆ కొండల్ని ఏలిన ఇంకా జాతివాళ్ళ దారి ఇది. ఇంకాల దగ్గర చక్రాల బండ్లూ లేవు, గుర్రాలూ లేవు. కాలినడకన వెళ్ళే మనుషులు, బరువు మోసే లామాలు (ఒంటె జాతి జంతువులు) మాత్రమే ఉన్నప్పుడు కొండను చుట్టి వెళ్ళే వాలు రోడ్డు అవసరం లేదు కదా! మెట్లు కట్టుకుంటూ నిటారుగా పైకి వెళ్ళిపోయారు. ఇంకాల పాత నగరం మాచు పిచ్చు చేరే ఆ సుమారు 42 కిలోమీటర్ల నడకలో మోకాళ్ళు నొప్పి పుట్టడానికి కారణం ఇదే. ఈ సంగతి ముందే తెలిసినవాళ్ళకు ఆ మెట్లు శిక్షలా అనిపించవు. మామూలుగా నాలుగు రోజులు పట్టే ఈ దారిలో అన్నిటికంటే ఎత్తైన కనుమ 4,215 మీటర్లు. మొదటి ట్రెక్కింగ్‌కే దీన్ని పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

మధ్యస్థంగా ఉండేవాటిలో నాకు రెండు బాగా నచ్చుతాయి. ఒకటి ఇంగ్లండ్ ఉత్తరాన హేడ్రియన్ గోడ వెంబడి సాగే 135 కిలోమీటర్ల కాలిబాట. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కాలంలో, క్రీ.శ. 122లో కట్టడం మొదలైన గోడ అది. ప్రతి రోమన్ మైలుకూ ఒక చిన్న కోట, రెండు కోటల మధ్య రెండు బురుజులు. ఈ లెక్క తెలిస్తే నడుస్తూనే తర్వాతిది ఎక్కడ వస్తుందో పందెం వేసుకోవచ్చు. చరిత్ర అంటే విసుక్కునేవాళ్ళు కూడా ఈ ఆటలో పడిపోతారు. రెండోది జపాన్‌లోని కుమానో కోడో అనే పాత యాత్రికుల బాటలు. అందులో నకహెచి అనే దారిలో ప్రతి 500 మీటర్లకూ ఒక నంబరు స్తంభం ఉంటుంది కాబట్టి తప్పిపోతామన్న టెన్షన్ తక్కువ. మధ్యమధ్య ఓజి అనే చిన్న పూజాస్థలాలు వస్తాయి, ఆగి ఊపిరి పీల్చుకోవడానికి అవే సాకు. కుమానో కోడోను 2004లో, స్పెయిన్‌లో సాంతియాగో అనే క్రైస్తవ పుణ్యక్షేత్రానికి వెళ్ళే యాత్రామార్గాన్ని 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. సాంతియాగోకు వెళ్ళే బాటల్లో ఫ్రాన్స్ సరిహద్దు నుంచి వచ్చే ప్రసిద్ధమైన దారి దాదాపు 780 కిలోమీటర్లు. అంతా నడవక్కర్లేదు. యాత్ర పూర్తి చేసినట్టు ధ్రువపత్రం కావాలంటే చివరి 100 కిలోమీటర్లు నడిచినా చాలు.

పేరు చూసి మోసపోకండి. “చారిత్రక మార్గం” అన్న బోర్డు ఉన్న కొన్ని దారులు ఇప్పుడు పక్కా తారు రోడ్లు. పాత దారిలో ఎంత భాగం మిగిలిందో, ఎంత భాగం వాహనాల పక్కన నడవాలో మ్యాపులో చూసుకున్నాకే నిర్ణయించుకోండి.

ఇద్దరి నడకనూ కొలవండి

ప్రయాణానికి కొన్ని వారాల ముందు, వెంట తీసుకెళ్ళే బ్యాగులతోనే, వేసుకునే బూట్లతోనే దగ్గర్లో ఎక్కడైనా ఎత్తుపల్లాలున్న చోట సగం రోజు నడవండి. ఉత్త చేతులతో చేసే వాకింగ్ దీనికి పనికిరాదు.

ఎంత సమయం పడుతుందో అంచనా వేయడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. చదునులో గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకూ మరో గంట కలుపుకోవాలి. అంటే 15 కిలోమీటర్ల దూరం, 900 మీటర్ల ఎక్కుడు ఉన్న రోజుకు మూడు గంటలకు గంటన్నర కలిపి నాలుగున్నర గంటలు. ఇందులో ఆగడం లేదు, తినడం లేదు, ఫొటో లేదు, శాసనం చదవడం లేదు. బలంగా నడిచేవాళ్ళ లెక్క ఇది. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళు వెంట ఉంటే కనీసం సగం సమయం అదనంగా వేసుకోండి. అంటే పై రోజుకు దాదాపు ఏడు గంటలు. సూర్యాస్తమయం ఎప్పుడో చూసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెడితే బయల్దేరాల్సిన సమయం తెలుస్తుంది.

ఈ నడకలో ఎవరు నెమ్మదో తేలిపోతుంది. ఇక అన్ని రోజులకూ ఆ వేగమే ప్రమాణం. నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టండి. వేగంగా నడిచేవారు ముందుంటే ఏం జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది: ముందున్నవారు మలుపు దగ్గర ఆగి ఎదురు చూస్తారు, రెండోవారు రొప్పుతూ రాగానే “సరే, పదా” అంటారు. అంటే విశ్రాంతి అవసరం లేనివారికే విశ్రాంతి దొరుకుతుంది! బరువులోనూ సమానంగా పంచుకోవాలన్న పట్టుదల వద్దు. ఒంటి బరువులో పదో వంతు మించని బ్యాగు రోజువారీ నడకకు హాయిగా ఉంటుంది. డేరా, పడక అన్నీ మోసేటప్పుడు అయిదో వంతు దాటకుండా చూసుకోవాలి. ఈ లెక్కన బరువైన మనిషికి ఎక్కువ సామాను పోతుంది, ఇద్దరి వేగం దగ్గరవుతుంది.

అనుమతులు, తేదీలు

పేరున్న దారుల్లో చాలావాటికి ముందస్తు అనుమతి కావాలి. ఇంకా బాటలోకి రోజుకు 500 మందినే అనుమతిస్తారు, గైడ్లు, సామాను మోసేవాళ్ళు కూడా ఆ లెక్కలోనే ఉంటారు. లైసెన్సున్న సంస్థ ద్వారానే వెళ్ళాలి. పర్మిట్ మీద పాస్‌పోర్టు నంబరు ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టు గడువు ముందే చూసుకోండి. మరమ్మతుల కోసం ఫిబ్రవరి నెలంతా ఆ దారి మూసేస్తారు. ఎక్కడికైనా ఇదే పద్ధతి: ముందు అనుమతి, తర్వాత విమాన టికెట్టు. బీమా తీసుకునేటప్పుడు మీరు వెళ్ళే ఎత్తుకు, హెలికాప్టర్‌లో తరలించడానికి అది వర్తిస్తుందో లేదో షరతులు చదవండి.

చదవడంలోనూ వాటాలు వేసుకోండి

ఇద్దరూ ఒకే పుస్తకం చదివి వెళ్తే అక్కడ మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. ఒకరు ఆ దారిని ఎవరు కట్టించారో, ఏ అవసరానికో, ఎప్పుడు పాడుబడిందో చదవండి. రెండోవారు దాని మీద బతికిన మామూలు మనుషుల గురించి వెతకండి. కొండలంటే ఇష్టపడేవారికి ఈ రెండో వాటా ఇవ్వమని నా సలహా. వాళ్ళకు రాజుల వంశవృక్షాలు ఎక్కవు గానీ, చలిలో, వానలో నడిచినవాళ్ళ సంగతులు వెంటనే పడతాయి.

హేడ్రియన్ గోడ దగ్గర్లోని విందోలాండా కోటలో 1973 నుంచి బయటపడుతున్న పలచని చెక్కపలకలే ఇందుకు మంచి ఉదాహరణ. గోడ కట్టకముందు అక్కడున్న సైనికులూ వాళ్ళ కుటుంబాలూ సిరాతో రాసుకున్న ఉత్తరాలు, లెక్కలు అవి. ఒక పలకలో కోట అధికారి భార్య సుల్పిసియా లెపిదినాను మరో అధికారి భార్య క్లాడియా సెవెరా తన పుట్టినరోజుకు రమ్మని పిలుస్తుంది. ఇంకో ఉత్తరంలో ఎవరో ఒకరికి మేజోళ్ళు, రెండు జతల చెప్పులు, రెండు జతల లోదుస్తులు పంపినట్టు ఉంది. తడిసిన మేజోళ్ళతో ఆ గడ్డి మీద నడిచేటప్పుడు ఈ ఉత్తరం తప్పకుండా గుర్తొస్తుంది. చదివినవన్నీ ముందే చెప్పేసుకోకండి, ఆ చోటుకు చేరేదాకా దాచుకోండి.

శిథిలాల దగ్గర ఏం చూడాలో తెలియకపోతే నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చేవి? రాయి ఎక్కడి నుంచి తెచ్చారు? గుమ్మం ఎటు చూస్తోంది, అటు నుంచి ఎవరు వస్తారని? ఏ భాగం తర్వాత కట్టారు, అంటే రాళ్ళ పరిమాణం, అతుకు ఎక్కడ మారుతోంది? సమాచార ఫలకం ఈ ప్రశ్నల తర్వాతే చదవండి. ముందే చదివితే కళ్ళు ఫలకంలో ఉన్నదే వెతుకుతాయి.

నీళ్ళ ప్రశ్న ఒక్కోసారి ప్రాణాల ప్రశ్న కూడా అవుతుంది. జోర్డాన్‌లోని పెట్రాకు వెళ్ళే దారి సుమారు 1.2 కిలోమీటర్ల పొడవున్న ఇరుకైన కొండ చీలిక. దాన్ని సిక్ అంటారు. ఎడారిలో ఎక్కడో పడ్డ వాన ఆ చీలికలోకి వరదై దూకుతుందని పెట్రాను కట్టిన నబాతియన్లకు బాగా తెలుసు. అందుకే రెండు వేల ఏళ్ళ కిందటే ముఖద్వారం దగ్గర ఆనకట్ట కట్టి, కొండలో సొరంగం తవ్వి వరదను పక్కకు మళ్ళించారు. కాలక్రమంలో అది పాడైంది. 1963 ఏప్రిల్‌లో వచ్చిన వరదలో ఇరవై మందికి పైగా ఫ్రెంచి పర్యాటకులు ఆ చీలికలోనే చనిపోయారు. ఆ తర్వాత ఆనకట్టను మళ్ళీ కట్టారు. ఇరుకు లోయల్లో నడిచేటప్పుడు తలమీది ఆకాశం నిర్మలంగా ఉన్నా ఎగువ ప్రాంతాల వాతావరణం కనుక్కోవాలన్న జాగ్రత్తకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

సామాను

క్లుప్తంగా చెబుతాను. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే చల్లదనం సుమారు ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది, కాబట్టి ఒక మందపాటి కోటు బదులు పలచని పొరలు రెండు మూడు పెట్టుకోండి. ఒంటికి తగిలే పొర నూలుది వద్దు, చెమటకు తడిస్తే త్వరగా ఆరదు. మడమ రుద్దుకుంటున్నట్టు అనిపించిన వెంటనే ఆగి టేపు వేయండి, బొబ్బ ఎక్కాక వేసి లాభం లేదు. ఆఫ్‌లైన్ మ్యాపు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, కాగితం మ్యాపు ఒక్కటి చాలు. మందులు, నీళ్ళు, టార్చి, విజిల్, వానకోటు మాత్రం ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండాలి. అన్నీ ఒకే బ్యాగులో పెట్టి, ఆ బ్యాగు ఉన్న మనిషి కనిపించకపోతే రెండోవారి గతేమిటి? వాగునీళ్ళు తాగాల్సి వస్తే తెర్లేదాకా కాచి, ఒక నిమిషం తెర్లనివ్వండి. రెండు వేల మీటర్లు దాటాక నీరు తక్కువ వేడికే మరుగుతుంది కాబట్టి మూడు నిమిషాలు.

ఏ రోజు ఎవరు పెద్ద?

అమెరికాకు చెందిన ఫానీ బుల్లక్ వర్క్‌మన్, విలియం హంటర్ వర్క్‌మన్ దంపతులు 19వ శతాబ్దం చివర్లో సైకిళ్ళ మీద స్పెయిన్, అల్జీరియా, భారతదేశం తిరిగారు. తర్వాత హిమాలయాల్లోకి, కారకోరం మంచు ప్రాంతాల్లోకి వెళ్ళారు. వాళ్ళ పద్ధతిలో మనకు పనికొచ్చేది ఒకటుంది: ఒక యాత్రకు ఒకరు ఏర్పాట్లు చూస్తే రెండోవారు శాస్త్రీయ పరిశీలనలు చూసుకునేవారు, తర్వాతి యాత్రకు బాధ్యతలు మారేవి. 1912లో సియాచిన్ ప్రాంతపు మంచులో “మహిళలకు ఓటు హక్కు” అన్న పత్రికను ఎత్తి పట్టుకున్న ఫానీ ఫొటో చాలామంది చూసే ఉంటారు.

మీ ప్రయాణం వారం రోజులదే అయితే రోజు మార్చి రోజు మార్చుకోండి. ఆ రోజు పెద్ద ఎవరైతే వాళ్ళే దారి చూస్తారు, ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో చెప్తారు. రెండోవారు నీళ్ళు, తిండి, సమయం గమనిస్తారు. గొణగడానికి వీల్లేదు. మర్నాడు తమ వంతు వస్తుందని తెలిస్తే ఇవాళ అరగంట ఎక్కువ నిలబడటం ఎవరికైనా తేలికే. దీనికి మినహాయింపు ఒక్కటే. వెనక్కి తిరుగుదామని ఇద్దరిలో ఎవరన్నా అది ఇద్దరికీ వర్తిస్తుంది, కారణం కిందికి వచ్చాక మాట్లాడుకుందాం. ఈ నియమం బయల్దేరకముందే ఒప్పుకుని ఉండాలి.

దారిలో

మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్ల కంటే ఎక్కువ పెంచకండి. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఇంకో రాత్రి ఉండండి. తలనొప్పి, వికారం, తూలడం మొదలైతే ఎత్తు ప్రభావమేనని అనుకోవాలి. ఇంకా పైకి వెళ్ళకూడదు, తగ్గకపోతే కిందికి దిగాలి. తూలడం మొదలైతే మాత్రం ఆగి చూడకుండా వెంటనే దిగాలి. మీకు బాగుంది కదా అని భాగస్వామిని తొందరపెట్టకండి. ఒకే ఎత్తు ఇద్దరి మీద ఒకేలా పనిచేయదు, వ్యాయామం చేసేవాళ్ళకు రాదన్నది కూడా అపోహే. ఇంకా బాటకు వెళ్ళేవాళ్ళు సుమారు 3,400 మీటర్ల ఎత్తున్న కుస్కో నగరంలో ముందుగా కొన్ని రోజులు ఉండటం ఇందుకే.

విడిపోయి నడవకండి. “నువ్వు మెల్లగా రా, నేను పైన ఉంటా” అన్న మాటతోనే చాలామంది దారి తప్పుతారు. ఎప్పుడైనా విడిపోతే చివరిసారి ఇద్దరూ కలిసి ఉన్న చోటికి రావాలని ముందే అనుకోండి. ఆపదలో ఉంటే విజిల్ నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి. విన్నవాళ్ళు నిమిషంలో మూడుసార్లు ఊది జవాబిస్తారు. ఆల్ప్స్ పర్వతాల్లో మొదలైన సంకేతం ఇది.

ఇక పోట్లాటలు. కొండల్లో వచ్చే గొడవల్లో చాలా భాగం ఆకలివే. గొంతు పెరిగిందంటే ముందు ఏదైనా తినండి, పది నిమిషాలు కూర్చోండి, ఆ తర్వాత కూడా విషయం మిగిలి ఉంటే అప్పుడు తేల్చుకోండి. రోజులో ఒక గంట మాట్లాడుకోకుండా నడవడం కూడా మంచిదే, దాన్ని అలకగా తీసుకోకూడదంతే. ఆ రోజు చూసినదాన్ని రాత్రి ఎవరి నోటుబుక్కులో వాళ్ళు నాలుగు వాక్యాలు రాసుకోండి, ఇంటికి వచ్చేదాకా మార్చుకోకండి. ఒకే కనుమను ఇద్దరూ ఎంత వేరుగా చూశారో తెలిస్తే తర్వాతి దారి ఎంచుకోవడం సులువవుతుంది.

పాత కట్టడాల దగ్గర ఎలా మెలగాలో చాలామందికి తెలుసు: గోడలెక్కకూడదు, రాయి జేబులో వేసుకోకూడదు, పేర్లు చెక్కకూడదు. హేడ్రియన్ గోడ దగ్గర మాత్రం ఇంకో మాట కూడా చెప్తారు. గడ్డి దారిలో ఒకరి వెనక ఒకరు నడిస్తే ఒకే గీత వెంబడి నేల కోసుకుపోయి, కింద పూడి ఉన్న రోమన్ అవశేషాలు దెబ్బతింటాయి. అందుకని పక్కపక్కనే నడవమంటారు. శీతాకాలంలో నేల నాని మెత్తబడుతుంది కాబట్టి మే నుంచి అక్టోబరు లోపు రమ్మంటారు. తేదీలు వేసుకునేటప్పుడే ఈ సంగతి చూసుకోండి.